యుద్ధాల నాటి శీర్షికలు గోడకెక్కించే ముందు: గ్రంథాలయాల పెద్దలకు బహిరంగ లేఖ

చిత్తూరు, తిరుపతి జిల్లాల గ్రంథాలయ సంస్థల అధ్యక్షులకు, కార్యదర్శులకు, బీరువా తాళాలు నిజంగా ఎవరి దగ్గర ఉంటాయో ఆ శాఖా గ్రంథపాలకులకు నమస్కారాలు.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుపుతారు. వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గుల పోటీ, చివరిరోజు స్టీలు గిన్నెల బహుమతి. ఈసారి ఒక్క గోడ పాత పత్రికలకు వదలండి. ప్రపంచ యుద్ధాల నాటి శీర్షికలు పెడితే పిల్లలే కాదు, రోజూ పొద్దున్నే పేపరు కోసం కుర్చీ పట్టుకునే పెద్దాయనలు కూడా పడీపడీ నవ్వుతారు. మాలో కొందరు డెస్కు మీద శీర్షికలు పెట్టినవాళ్లు, కొందరు పాత కట్టలు సరిచూసి భద్రపరిచే పని తెలిసినవాళ్లు. ఆ నవ్వు ఎక్కడ పుడుతుందో, ఏం చేస్తే చచ్చిపోతుందో మాకు కాస్త తెలుసు. అడిగేది ఒకటే: శీర్షికను కత్తిరించి పెట్టకండి. పేజీ మొత్తం, తేదీ కనబడేలా పెట్టండి. దాని పక్కనే నిజం బయటపడిన రోజు పేజీ కూడా పెట్టండి.

ఎందుకో చూడండి. 1914 ఆగస్టు 24న పారిస్ పత్రిక ‘ల మతాఁ’ ఒక శీర్షిక వేసింది: కొసాక్కులు బెర్లిన్‌కు ఐదు మజిలీల దూరంలో ఉన్నారు. కొసాక్కులంటే రష్యా గుర్రపు సేన. ఈ ముక్క ఒక్కటీ అంటిస్తే చూసేవాడు ‘సరే’ అనుకుని ముందుకు పోతాడు. పక్కన తర్వాతి పేజీలు పెట్టండి. ఆగస్టు 26 నుంచి 30 లోపు టానెన్‌బర్గ్ దగ్గర రష్యా రెండో సైన్యం తుడిచిపెట్టుకుపోయింది. ఇటు జర్మన్ సైన్యం బెల్జియం దాటి పారిస్ మీదికే వచ్చేస్తోంది. సెప్టెంబరు 2న ఫ్రెంచి ప్రభుత్వం మూటాముల్లె సర్దుకుని బోర్డో నగరానికి తరలిపోయింది. బెర్లిన్‌కు ఐదు మజిలీలని లెక్క చెప్పిన పత్రికకు, తొమ్మిది రోజుల్లో సొంత ప్రభుత్వం ఎన్ని మజిలీలు వెనక్కి పోయిందో లెక్క చెప్పాల్సి వచ్చింది. నవ్వు ఆ రెండు పేజీల మధ్య సందులో ఉంది.

అదే నెల 17న ‘లాంట్రాన్సిజాన్’ అనే ఇంకో పారిస్ పత్రిక, శత్రువుల తూటాలు పెద్ద ప్రమాదం కాదనీ, ఒళ్లు చీల్చకుండా ఇటునుంచి అటు దూరిపోతాయనీ రాసింది. ఇంజెక్షన్ సూదికి కళ్లు మూసుకునే జనం మనం. ఇది చదివి ధైర్యం తెచ్చుకున్నవాడి పరిస్థితి ఊహించుకోండి. మనం చెవిలో పువ్వులు పెట్టడం అంటామే, దాన్ని ఫ్రెంచివాళ్లు ‘పుర్రె కూరడం’ అన్నారు. 1917లో ‘ల కనార్ ఆంషెనే’ అనే వ్యంగ్య పత్రిక ఏకంగా పాఠకుల చేత ఓట్లేయించి, పుర్రెలు కూరేవాళ్లందరికీ పెద్ద నాయకుడెవరో తేల్చింది. గెలిచింది గుస్తావ్ హెర్వే అనే సంపాదకుడు. యుద్ధానికి ముందు సైన్యాలే వద్దని గొంతు చించుకున్న మనిషాయన.

ఇక తప్పు ఎలా పుట్టిందో చెప్పే చీటీ ఒకటి ప్రతి బోర్డు కింద ఉండాలి. అది లేకపోతే జనం ‘అప్పటి విలేకరులు వెర్రివాళ్లు’ అనుకుని ఇంటికి పోతారు. వాళ్లు వెర్రివాళ్లు కారు. 1918 నవంబరు 7, గురువారం. యుద్ధం ముగిసిందని అమెరికా పత్రికలు బ్యానర్లు వేశాయి. న్యూయార్కు వీధుల్లో జనం కాగితాలు చించి వానలా కురిపించారు. అసలు సంధి మీద సంతకాలు పడింది నాలుగు రోజుల తర్వాత, 11న. కబురు పంపినవాడు యునైటెడ్ ప్రెస్ వార్తాసంస్థ అధిపతి రాయ్ హోవార్డ్. ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ రేవులో సాక్షాత్తూ అమెరికా అడ్మిరల్ నోటి నుంచి విన్నాడు. టెలిగ్రామ్‌ను స్థానిక పత్రిక యంత్రం మీద కొట్టించి, పారిస్‌లో ఉన్న తన ప్రతినిధి పేరు కూడా చేర్చాడు. దాంతో అది పారిస్ నుంచి వచ్చిన తంతిలా కనబడింది. బ్రెస్ట్‌లో తంతి పంపేవాళ్లు ‘పారిస్ సెన్సారు చూసే ఉంటాడులే’ అనుకుని వదిలేశారు. మన ఆఫీసుల్లో ఫైలు మీద పైవాడి సంతకం చూసి కిందివాడు కళ్లు మూసుకుని చేసే పని తెలుసు కదా, అదే.

జపాను వాళ్లది ఇంకో రకం. 1944 అక్టోబరులో ఫార్మోసా (ఇప్పటి తైవాన్) సముద్రంలో అమెరికావి 11 విమాన వాహక నౌకలు ముంచేశామని టోక్యో ప్రకటించింది. ఊళ్లలో సంబరాలు. నిజానికి ఒక్క నౌకా మునగలేదు. కాన్‌బెర్రా, హూస్టన్ అనే రెండు క్రూయిజర్లు మాత్రం బాగా దెబ్బతిన్నాయి. ఎక్కడ తేడా వచ్చింది? రాత్రిపూట దాడికి పోయినవాళ్లలో కొత్త పైలట్లు ఎక్కువ. చీకట్లో నీళ్ల మీద మంట కనబడితే చాలు, ఓడ తగలబడుతోందని లెక్క వేశారు. అందులో కొన్ని మంటలు కూలిపోయిన వాళ్ల విమానాలవే. ఒకే మంటను నలుగురు చూస్తే నాలుగు ఓడలు. పైకి పోయేకొద్దీ కూడినవాళ్లే గానీ తీసేసినవాడు లేడు. అమెరికా అడ్మిరల్ హాల్సీ తాపీగా కబురు పంపాడు: టోక్యో రేడియో ముంచిన మా ఓడలన్నీ పైకి తీశాం, అవి శత్రువు వైపు మహా వేగంగా ‘వెనక్కి తగ్గుతున్నాయి’. అంతకు ముందు ఏడాది గ్వాడల్‌కనాల్ దీవి నుంచి సైన్యాన్ని తీసేసినప్పుడు జపాను సైనిక ప్రధాన కార్యాలయమే ‘వెనుదిరగడం’ అనే మాట రాయలేక ‘తెన్‌షిన్’ అంది. దిశ మార్చుకుని ముందుకు సాగడం అని దాని భావం. ఈ బోర్డు దగ్గర ఒక పటం పెట్టండి. విజయాలన్నీ వరసగా టోక్యోకు దగ్గరవుతూ వస్తాయి; పిల్లలకు చెప్పకుండానే అర్థమవుతుంది.

మన వైపు సంగతికి వద్దాం. 1914 సెప్టెంబరు 22, మంగళవారం రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ నౌక మద్రాసు రేవు మీద సుమారు 130 గుండ్లు పేల్చి, బర్మా ఆయిల్ ట్యాంకులు తగలబెట్టి పోయింది. ఊరు ఖాళీ చేసి జనం లోపలి ఊళ్లకు పరుగుపెట్టారు. తమిళంలో గట్టి పిండాన్ని ఇప్పటికీ ‘ఎమ్డెన్’ అంటారు. చిత్తూరు, నగరి వైపు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆంధ్రపత్రిక దినపత్రికగా మద్రాసులో మొదలై అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. ఆ ఏడాది ఏప్రిల్ 1నే మొదలైంది. ఇంకో సంగతి, ప్రపంచం తగలబడిన ఆ తెలుగు సంవత్సరం పేరు ‘ఆనంద’. రెండో యుద్ధం మొదలైంది ‘ప్రమాది’లో, పంచాంగం అప్పటికి కొంచెం మేలుకున్నట్టుంది.

తెలుగు పేజీలు పెట్టేటప్పుడు అక్షరాల సంగతి కూడా చీటీలో రాయండి. అప్పటి పేజీ సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి స్టిక్కు అనే చేతి చట్రంలో పేర్చినది. అంగుళానికి 72 పాయింట్లు. 36 పాయింట్ల అక్షరం అంటే అర అంగుళం ఎత్తు, వెడల్పు కూడా ఇంచుమించు అంతే. రెండంగుళాల కాలమ్‌లో అలాంటివి నాలుగు పట్టడం గగనం. ‘ఇటలీ’ మూడక్షరాలు, హాయిగా కూర్చుంటుంది. ‘చెకోస్లోవేకియా’ ఆరు, అందులో ఒత్తు కూడా. కాబట్టి చిన్న సైజుకు దిగాలి, లేదా రెండు కాలమ్‌లు ఆక్రమించాలి. ఎవరు పెద్దక్షరాల్లో పడాలన్నది కొన్నిసార్లు సైన్యబలం కాదు, పేరు పొడవు తేల్చింది. రెండు వరసల శీర్షికైతే మధ్యలో లెడ్ పట్టీ చాలినంత వెయ్యాలి. లేకుంటే పై వరస ఒత్తు కింది వరస గుడికి తగిలి, రెండూ కలిసి సిరా ముద్దగా పడతాయి. మీ కట్టల్లో అలాంటి ముద్దలు కనబడితే తుడవకండి, అవే అసలు సరుకు అనడానికి గుర్తు.

తంతి అనువాదం మరో గండం. మాటకింత అని డబ్బు కట్టాలి కాబట్టి కబురు పొడిపొడిగా వచ్చేది. అర్ధరాత్రి దాన్ని తెలుగు చెయ్యాలి. ‘ట్యాంక్’ అనే మాట తీసుకోండి. మద్రాసు ప్రెసిడెన్సీ ఇంగ్లీషులో ట్యాంక్ అంటే చెరువు. జిల్లా గెజిటీర్లు తిరగేస్తే చిత్తూరు నిండా ట్యాంకులే. 1916 సెప్టెంబరు 15న సోమ్ నది దగ్గర బ్రిటిష్‌వాళ్లు కొత్త యుద్ధ యంత్రాన్ని దింపారు. రహస్యం బయటపడకుండా, నీళ్ల తొట్టి అని నమ్మించడానికి దానికి ట్యాంక్ అని పేరు పెట్టారు. ‘శత్రువుల యాభై ట్యాంకులు ధ్వంసం’ అనే తంతి నిద్రమత్తులో ఉన్నవాడి చేతిలో పడితే యాభై చెరువులకు గండి పడినట్టే. ఇలా ఫలానా పత్రికలో పడిందని మేం అనడం లేదు, పడకపోవడమే గొప్ప అంటున్నాం. ‘రంగం’ ఇంకా చిక్కు. కోస్తావాళ్లకు రంగం అంటే రంగూన్. 1942 మార్చి 8న రంగూన్ జపాను చేతికి చిక్కింది. ఆ రోజుల్లో ‘రంగం వదిలిన సైన్యం’ అని శీర్షిక పెడితే అది ఊరా, యుద్ధరంగమా? మన ప్రాంతంలో ఈ మాట చాలామందికి తెలియదు, కాబట్టి అలాంటి శీర్షిక ఏదైనా దొరికితే కింద వివరణ రాయండి.

మన కట్టల్లో ఉండేవి చాలావరకు డాక్ ఎడిషన్లు. మద్రాసులో ముందుగా అచ్చేసి రైలెక్కించినవి. ఆ తర్వాత వచ్చిన కబురు మద్రాసు నగర సంచికలో ఉంటుంది, మనకొచ్చిన దాంట్లో ఉండదు. ‘చూడండి, ఈ పత్రికకు ఏమీ తెలియలేదు’ అని నవ్వేముందు అది ఏ ఎడిషనో చూడండి. దొరక్కపోతే ‘ఊళ్లకు వచ్చిన సంచిక’ అని రాసేయండి.

ఇప్పుడు నకిలీల సంగతి. దీనికి మీరు మోసపోతే ప్రదర్శన మొత్తం గోవిందా. నెపోలియన్ 1815లో ఎల్బా దీవి నుంచి తిరిగి వస్తున్నప్పుడు పారిస్ ‘మోనిటర్’ పత్రిక రోజుకో శీర్షిక మార్చిందని ఒక వరస తిరుగుతుంటుంది: నరభక్షకుడు గుహ దాటాడు, రాక్షసుడు దిగాడు, నియంత లియోన్ చేరాడు, బోనపార్టీ దగ్గరికొచ్చాడు, చివరికి చక్రవర్తిగారు కోటలోకి వేంచేశారు. భలే ఉంటుంది. కానీ ఆనాటి ఆ సర్కారీ పత్రిక తీస్తే అందులో అలాంటి శీర్షికలు లేవు. ఎవరో అల్లిన కథ. ‘ఎయిత్ ఆర్మీ పుష్ బాటిల్స్ అప్ జర్మన్స్’ లాంటి ఇంగ్లీషు ద్వంద్వార్థాలదీ అదే దారి. చెప్పేవాళ్లు వేలమంది, పేజీ చూపించేవాళ్లు మాకు తగల్లేదు. పైగా ఆ శ్లేష తెలుగులోకి రాదు. వివరించి నవ్వించాల్సిన జోకు పెట్టకండి.

వాట్సాప్‌లో వచ్చిన పేజీని ఇలా పట్టుకోవచ్చు. హిందూ పత్రిక మొదటి పేజీలో 1958 దాకా ప్రకటనలే ఉండేవి. 1945 నాటి హిందూ మొదటి పేజీ మీద యుద్ధం ముగిసిందని ఎనిమిది కాలమ్‌ల బ్యానర్ కనబడితే ఆగండి. ఆంధ్రప్రభ పుట్టింది 1938 ఆగస్టు 15న. ఈనాడు 1974 ఆగస్టు 10న. 1971 యుద్ధం నాటి ఈనాడు అని ఎవరైనా పంపితే, అది ప్రదర్శనలో కాదు, హాస్య కవి సమ్మేళనంలో పెట్టాలి. తేదీకి వారం సరిపోతోందా చూడండి: విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడిన 1942 ఏప్రిల్ 6 సోమవారం. తెలుగు సంవత్సరం పేరు వేసి ఉంటే ఆ రోజుకి చిత్రభాను అయి ఉండాలి. 1914 నాటి శీర్షిక ఇవాళ్టి వాడుక భాషలో ‘జర్మనీకి చుక్కలు చూపించారు’ అని ఉంటే అది 1914ది కాదు. ఆ రోజుల్లో గ్రాంథికమే రాసేవారు. ఒకే అక్షరం పదిచోట్ల అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నా అనుమానించండి. అరిగిన సీసం పదిసార్లలో పదిరకాలుగా పడుతుంది.

అసలు పేజీలు ఎక్కడ దొరుకుతాయి? తెలుగువాటికి ముందు మీ బీరువాలు, తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత సంచికలు. ఫ్రెంచివి ఆ దేశపు జాతీయ గ్రంథాలయం వారి ‘గాలికా’ వెబ్‌సైటులో, అమెరికావి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉచితంగా చూడొచ్చు.

ఇక చేతిపని. న్యూస్‌ప్రింట్ అంటే కలపను అలాగే నూరి చేసిన గుజ్జు. అందులోని లిగ్నిన్ అనే కలప పదార్థం వెలుతురు, గాలి తగిలి పసుపెక్కుతుంది, ఆమ్లం పుట్టి కాగితం లోలోపల కాలిపోతున్నట్టే అవుతుంది. మన ఎండలకు పెళుసెక్కుతుంది, ముందు విరిగేది మడత దగ్గర. మడతను ఎదురు దిక్కుకు వంచితే అప్పడమే. ఒక్కో షీటు తీసేటప్పుడు కిందికి ఒక అట్ట దూర్చి, అట్టతో సహా ఎత్తండి. సెల్లోటేపు వద్దు, అయిదారేళ్లకు జిగురు పేజీలోకి దిగి గోధుమరంగు మరక మిగులుతుంది, టేపు మాత్రం ఊడి పడిపోతుంది. లామినేషన్ అసలు వద్దు, వేడికి కాగితం ఇంకా పాడవుతుంది, మళ్లీ విడదీయలేరు. స్టేప్లర్ పిన్ను తుప్పు పడుతుంది. వారోత్సవాలు సరిగ్గా ఈశాన్య రుతుపవనాల నడిమధ్య పడతాయన్నది మరవద్దు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైన సంగతి అందరికీ గుర్తే. కాబట్టి అసలు కట్టలు షామియానాలోకి రాకూడదు. గోడ మీద నకళ్లు మాత్రమే. అసలుది ఒక్కటి కావాలంటే గదిలో, అద్దాల బల్ల కింద, ఒక్క రోజు.

నకలు తీయడానికి ఫోను చాలు, తొందరే పనికిరాదు. పేజీ సుమారు 16 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు ఉంటుంది. 12 మెగాపిక్సెల్ ఫోనుతో మొత్తం ఒకే దెబ్బలో తీస్తే అంగుళానికి 180 చుక్కలే వస్తాయి, చిన్నక్షరాలు అలుక్కుపోతాయి. నాలుగు ముక్కలుగా, ఒక్కొక్కటి 9 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవున, అంచులు రెండంగుళాలు ఒకదానిమీద ఒకటి వచ్చేలా తీస్తే 330 దాకా వస్తుంది. కింద నల్ల కాగితం పరచండి, లేకపోతే వెనకపేజీ అక్షరాలు దీంట్లోకి తొంగిచూస్తాయి. రెండు దీపాలు చెరో పక్క నుంచి 45 డిగ్రీల్లో. ఫ్లాష్ వద్దు. పక్కన ఒక స్కేలు పెట్టి తీయండి, అప్పుడే అసలు సైజు తెలుస్తుంది. ఫోను పేజీకి సమాంతరంగా లేకపోతే కాలమ్‌లు గాలిగోపురంలా పైకి పోయేకొద్దీ సన్నబడతాయి.

ఫ్లెక్స్ షాపులో జాగ్రత్త. అక్కడి అబ్బాయి మంచితనంతో ‘సార్, అక్షరాలు మసగ్గా ఉన్నాయి, కొత్తగా టైపు చేసి పెడతా’ అంటాడు. వద్దనండి. రంగు తెల్లబరచడం కూడా వద్దు. ఫ్లెక్స్ కంటే సన్‌బోర్డు మీద మాట్ వినైల్ మంచిది, ట్యూబులైటు మెరుపు కళ్లల్లో కొట్టదు. చీటీల అక్షరం 36 పాయింట్లకు తగ్గకూడదు. నాలుగడుగుల దూరం నుంచి మన ఒత్తులు, సుడులు చదవాలంటే అంత కావాలి. మొత్తం డజను బోర్డులు మించితే జనం చివరివి చదవరు.

ఏవి నవ్వే గోడ మీద పెట్టకూడదో కూడా చెప్పాలి. 1982 మే 4న లండన్ ‘సన్’ పత్రిక ఒక అర్జెంటీనా నౌక మునిగినందుకు ‘గాచా’ అని బ్యానర్ వేసింది. దొరికావురా అన్నట్టు. ప్రాణనష్టం ఎంత పెద్దదో తెలియగానే తర్వాతి ఎడిషన్లలో తీసేశారు. పోయింది 323 మంది. దీన్ని పెడితే వేరే గోడ మీద, వేరే మాటలతో పెట్టండి. 1962 కూడా అంతే. అక్టోబరు 12న చైనావాళ్లను వెళ్లగొట్టమని చెప్పానని నెహ్రూ అన్న మాట పత్రికలకెక్కింది, 20న దాడి మన మీదే జరిగింది. సైన్యంలో పిల్లలున్న ఇళ్లు మన పల్లెల్లో ఉన్నాయి. 1971 డిసెంబరు 17 నాటి పాకిస్తాన్ ‘డాన్’ మాత్రం నిక్షేపంగా పెట్టొచ్చు. ముందురోజే తూర్పు పాకిస్తాన్‌లో సుమారు 93,000 మంది లొంగిపోతే, పైన ‘విజయం దాకా యుద్ధం’ అని బ్యానర్. తూర్పున పోరు ఆగిందన్న ముక్క చిన్నగా ఇంకోచోట. పేజీ మొత్తం పెట్టమని మేం మొత్తుకునేది ఇందుకే. అన్నట్టు 1971 పేజీ కాపీరైటు సంగతి ఆ పత్రికను ఒక మాట అడగండి. పక్కింటి పత్రికని చూసి మరీ ఎగతాళి వద్దనేవాళ్లకు 2025 మే 8 రాత్రి గుర్తుచేయండి: కరాచీ రేవు నాశనమైందని మన టీవీ తెరలు కొన్ని ఊగిపోయాయి. తెల్లారేసరికి రేవు రేవులానే ఉంది. కాకపోతే తెర మీది అక్షరాలకు కట్ట కట్టి బీరువాలో పెట్టే ఏర్పాటు ఏ గ్రంథాలయంలోనూ లేదు. దాని సంగతీ కాస్త ఆలోచించండి.

వారోత్సవాలు అయ్యాక పాత పేపర్లు తూకానికి వేసే ముందు యుద్ధ సంవత్సరాల కట్టలు, అంటే 1914–18, 1939–45, 1962, 1965, 1971, 1999, పక్కన పెట్టించండి. నేల మీద కాదు, కనీసం జానెడు ఎత్తున, నిలబెట్టకుండా పడుకోబెట్టి. పురికొస అంచులు కోస్తుంది, వెడల్పు నూలు నాడాతో కట్టండి. ఏ కట్టలో ఏ నెల ఉందో, ఏ తేదీలు లేవో ఒక చీటీ మీద పెన్సిల్‌తో రాసి పైన పెట్టండి. ఏ శాఖలోనైనా ఇలాంటి కట్టలు ఉన్నాయని తెలిస్తే విప్పకుండా ఉంచి కబురు చేయండి. అట్టలు, నల్ల కాగితం, స్కేలు తెచ్చుకుని మేమే వస్తాం.

ఇట్లు,
పాత పత్రికలు సరిచూసే కొందరం,
తిరుపతి